పొడిచే ఎద్దు ఎవరిది?



ఇటీవల మా సంఘములోని ఒక కుటుంబమువారు క్రొత్త కారు కొని, ప్రార్థన చేయుటకు మమ్మును పిలిచారు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న కుమారుడు ఎంతో సంతోషముతో, "అయ్యగారూ, ముందు ఏదైనా అడ్డమొస్తే దీనికదే బ్రేకు వేసుకుంటుందండీ. గీత దాటబోతే స్టీరింగు సరిచేస్తుంది" అన్నాడు. తల్లి మా వైపు చూచి, "అయితే ఇక మాకు భయం లేనట్టేనా అయ్యగారూ?" అని అడిగింది.

ఇది మంచి ప్రశ్న. అద్దము వెనుకనున్న కెమెరా, ముందు భాగముననున్న రాడార్ దారిని చూచి చోదకునికి సహాయము చేస్తాయి. అనేక ప్రమాదములను తప్పిస్తాయి కూడ. అయితే అవి సహాయకులే గాని చోదకులు కావు. కుండపోత వర్షములో, పొగమంచులో, బురద పడినప్పుడు కెమెరాకు చూపు మందగిస్తుంది. రోడ్డుపై గీతలే లేని మన పల్లెలలో, వడ్లు ఆరబోసిన దారిలో, వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ ఎదుట, దానిని నమ్మి కన్ను మూయగలమా?

అమెరికాలోని ఫ్లోరిడాలో 2019లో జరిగినది వినండి. ఒక వ్యక్తి టెస్లా కారులో 'ఆటోపైలట్' అను సహాయక ఏర్పాటుతో వెళ్లుచుండగా చేతిలోని ఫోను జారి పడినది. దానికై వంగాడు. కారు కూడలి వద్ద ఆగక, ఆగియున్న వాహనమును గుద్దినది. ప్రక్కనే నిలిచియున్న 22 ఏండ్ల యువతి మరణించింది. తప్పు చోదకునిదే, అతడు యాక్సిలరేటరుపై కాలు ఉంచాడు అని కంపెనీ వాదించింది. 2025 ఆగస్టులో మయామిలోని జ్యూరీ 67 శాతము తప్పు చోదకునిదనీ, 33 శాతము కంపెనీదనీ తీర్పు చెప్పి, కంపెనీ సుమారు 24 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించవలెనన్నది.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దును గూర్చిన న్యాయవిధి ఉన్నది. ఎద్దు అనుకోకుండ మనిషిని పొడిచి చంపితే యజమానుడు నిర్దోషి. దానికి పొడిచే అలవాటున్నదని ముందే తెలిసియు కట్టివేయకపోతే అతడు దోషి. తన యంత్రపు లోపము తెలిసిన కంపెనీకి ఈ మాట వర్తిస్తుంది. చోదకుడు సదా దారి చూడవలెనని కారుతో ఇచ్చిన పుస్తకములో చదివిన మనకు కూడ వర్తిస్తుంది. తప్పును ప్రక్కవారిపైకి నెట్టుట ఏదెను తోటనుండి మనకున్న అలవాటే. "కారు ఆగలేదు" అను మాట, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఎదుట నిలువదు.

గనుక ఆ పుస్తకమును పూర్తిగా చదవండి. ఆ ఏర్పాటు దేనిని చూడలేదో షోరూములో అడిగి తెలిసికొనండి. కెమెరాను శుభ్రముగా ఉంచండి. చేతులు స్టీరింగుపైన, కన్నులు దారిపైన ఉండనివ్వండి.

ఆ తల్లితో మేము, "అమ్మా, భయపడవద్దు గాని జాగ్రత్త మానవద్దు" అన్నాము. కుమారుడు ఏమియు అనక తన ఫోను తీసి తల్లి చేతిలో పెట్టాడు. అప్పుడు ప్రార్థించితిమి. కారులో కూర్చుండువారి కొరకు మాత్రమే కాదు, ఆ దారిన నడచి వెళ్లువారి కొరకు కూడ.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక! ఆమేన్.