దీపపు పురుగులు - కొండ అంతస్తులు

ఉర్దూ కవి ‘పర్వానా’ అన్నా, తెలుగు కవి ‘శలభం’ అన్నా మన మనస్సులో మెదిలే చిత్రం ఒక్కటే: దీపం చుట్టూ తిరిగి తిరిగి అందులో పడి మాడిపోయే అల్పప్రాణి. రెండు సాహిత్యాలూ దాని మరణాన్ని వేనోళ్ల కీర్తించినవి. దాని జీవితాన్ని గురించి మనం విచారించినది మాత్రం స్వల్పం. అది ఏ ఆకు తిని పెరుగుతుంది, ఏ ఎత్తున బ్రతుకుతుంది అనే ప్రశ్నలు కవిత్వానికి అక్కరలేకపోవచ్చును. విజ్ఞానానికి అవే ముఖ్యం.

ఉష్ణమండల వర్షారణ్య పర్వతాలపై వెయ్యి మీటర్లు పైకెక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. దానితో చెట్లు మారుతాయి. ఆ ఆకులపై పెరిగే గొంగళి పురుగులు మారుతాయి. రాత్రివేళ దీపానికి వచ్చే శలభాలూ మారుతాయి. శీతల దేశపు జీవి చలికాలపు చలిని, వేసవి వేడిమిని రెంటినీ ఎరిగినదే. ఉష్ణమండలంలో ఏడాది పొడుగునా ఉష్ణోగ్రత ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది కనుక, అచ్చటి జీవికి కొద్దిపాటి ఎత్తు కూడా పెద్ద అడ్డుగోడ అవుతుందని డేనియల్ జాన్‌జెన్ 1967లో ప్రతిపాదించాడు. ఆ విధంగా చూచిన, ఒకే కొండ అనేక అంతస్తుల భవనం వంటిది. ఒక్కొక్క అంతస్తులో కాపురస్తులు వేరు.

ఆ కాపురాలు నేడు కదులుతున్నవి. బోర్నియో ద్వీపంలో 4,095 మీటర్ల ఎత్తైన కినబాలు పర్వతంపై 1965లో వివిధ ఎత్తులలో శలభాలను సేకరించి లెక్క వ్రాసి ఉంచారు. 42 సంవత్సరాల తరువాత, 2007లో, ఆ సేకరణను మరల జరిపారు. జానలు వేసి కొలిచినట్లు నడిచే గొంగళి పురుగుల కుటుంబానికి చెందిన 102 కొండజాతులు సగటున 67 మీటర్లు పైకి జరిగినట్లు ఐ-చింగ్ చెన్ బృందం 2009లో ప్రకటించింది. భూమి వేడెక్కుతుంటే అవి చల్లదనాన్ని వెదుకుతూ పైకి పోతున్నవి. అయితే కొండ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. శిఖరాన ఉన్నవాటికి ఇక చోటెక్కడ?

1965 నాటి లెక్క లేకపోయినచో 2007 నాటి శ్రమకు పోలిక ఉండేది కాదు. నలభై ఏండ్ల తరువాతి వారికి పనికివచ్చునని ఎరుగకుండానే ఎవరో ఓపికగా వ్రాసిపెట్టిన పుస్తకం నేడు సాక్ష్యమైనది.

మనకూ కొండలున్నవి. విశాఖ సముద్రతీరం నుండి అరకు పోయే రైలు ఒక్క పూటలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. తూర్పు కనుమలలో అధికభాగం ఆకురాల్చే అడవులే గాని వర్షారణ్యాలు కావు. అయినను మెట్టు మెట్టుకూ మారే జీవనం అక్కడా కలదు. చిక్కడపల్లి గ్రంథాలయంలోను, అశోక్‌నగర్ గదులలోను పోటీ పరీక్షలకు చదివే మన యువకులు పర్వతాల ఎత్తులను కంఠస్థం చేస్తున్నారు. ఆ ఎత్తులలో ఏమి బ్రతుకుతున్నదో చూచే అభ్యాసమూ వారికి కావాలి.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని కొందరు అడుగవచ్చును. రాత్రిపూట విచ్చే అనేక పుష్పాలకు పరాగం చేర్చేవి శలభాలు. పక్షిపిల్లలకు ఆహారం గొంగళి పురుగులు. మన దసలి పట్టు ఒక శలభపు గూడు. ఇంతటి పనివారి హాజరుపట్టీ లేకుండుట మనకు శోభనా?

కావున కళాశాల కమిటీ వారికి నా మనవి: ఒక తెల్లని వస్త్రం, ఒక దీపం, ఒక గట్టి అట్ట పుస్తకం సమకూర్చండి. నారాయణగూడలోనో, అశోక్‌నగర్‌లోనో ఒక మేడపై ప్రతి మాసం ఒక రాత్రి, వచ్చిన శలభాలను చంపకుండా ఛాయాచిత్రం తీసి, తేదీ, గంట, వెన్నెల, వాన వ్రాయించండి. చేయి తిరిగిన తరువాత ఏటా ఒకసారి అరకు మార్గంలో మూడు నాలుగు ఎత్తులలో అదే పని జరగాలి. ఏటేటా అదే మాసం, అదే దీపం, అవే స్థలాలు. విద్యార్థులు మూడేండ్లకు వెళ్లిపోతారు. పుస్తకం మాత్రం గ్రంథాలయంలో ఉండిపోవాలి. పర్వానాకు మన రెండు భాషలూ ఎంతో ఋణపడి ఉన్నవి. ఆ ఋణంలో మొదటి వాయిదా ఈ సంవత్సరమే చెల్లిద్దాం.