నరికిన చేతికే మొక్కలు అప్పగిస్తారా?

2025 మార్చి 30, ఉగాది పండగ పూట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి అడవిలోకి, ఆ నేలను వేలానికి చదును చేసేందుకు, జేసీబీలు దిగాయి. అడ్డుపడ్డ విద్యార్థులను పోలీసులు ఈడ్చుకెళ్లి వ్యాన్లలో పడేశారు. వరుస సెలవులు చూసుకుని, రాత్రిళ్లు లైట్లు వేసుకుని మరీ నరికారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనే సరికి 400 ఎకరాల్లో సుమారు వంద ఎకరాలు నేలమట్టమయ్యాయి.

అక్కడ జింకలే లేవని పాలకులు అసెంబ్లీలో చెప్పారు. కోర్టు ఆపిన మర్నాడే ఒక చుక్కల జింక పొద దొరక్క క్యాంపస్‌లోకి వచ్చి, కుక్కల నోటపడి చచ్చిపోయింది. ఆ జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. దేశం మొత్తం మీద చుక్కల జింకకు ముప్పు లేకపోవచ్చు. సైబరాబాద్‌లో మాత్రం దానికి ఇక పోవడానికి చోటు లేదు. ఒక పక్క అద్దాల మేడలు, మరో పక్క ఆరు లైన్ల రోడ్లు.

అడవిని మళ్లీ నిలబెట్టండి, లేదా అధికారులు జైలుకు వెళ్తారు అని సుప్రీంకోర్టు హెచ్చరించింది. మంచిదే. మరి నిలబెట్టేదెవరు? టెండరు పిలిచి, గుంటకింత అని లెక్కగట్టి, నర్సరీ మొక్కలు వరసగా నాటి, వాకింగ్ ట్రాక్ వేసి, గేటు దగ్గర టికెట్ పెట్టి ఎకో పార్కు అంటారా? అది అడవి కాదు, ఇంకో కాంట్రాక్టు.

దక్కన్ అడవి ఎలా ఉంటుందో ఆ బండల మధ్య నడిచినవాళ్లకు తెలుసు. గ్రానైట్ గుండ్ల సందుల్లో తంగేడు, రేగు, సీతాఫలం, మోదుగ. వాటి కింద గడ్డి. రేగు పండ్లు జింకకు తిండి, ముళ్ల పొద దాని పిల్లకు ఉయ్యాల, బండ మీద నిలిచిన వాన నీళ్లు దానికి చెలమ. నరికిన మోడు చాలాచోట్ల ఒక వానకే చిగురేస్తుంది. దానికి కావాల్సింది నాటేవాడు కాదు, కాచేవాడు.

కాచేవాళ్లు ఎవరో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వెళ్లి చూడండి. అంతరించిపోతున్న పులి అక్కడ ఇంకా తిరుగుతోందంటే ఆ అడవిలో బతికే చెంచు గిరిజనుల వల్లే. పాదముద్రలు పట్టేది, కార్చిచ్చును ముందు పసిగట్టేది, బేస్ క్యాంపుల్లో కాపలా పడుకునేది వాళ్లే. అక్కడ తలపెట్టిన యురేనియం తవ్వకాలను వాళ్లు ఎదిరించారు, జనం తోడయ్యారు. 2019 సెప్టెంబరులో అసెంబ్లీ దిగివచ్చి తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అదే చెంచులను పులి పేరు చెప్పి పెంటలు, అంటే తమ గూడేలు, ఖాళీ చేయమనడం అన్యాయం మాత్రమే కాదు, పులికి చేసే ద్రోహం కూడా.

గచ్చిబౌలికీ కాపలాదారులున్నారు. ఏళ్ల తరబడి పక్షుల జాబితాలు రాసిన విద్యార్థులు, ఏ జింక ఏ వేళకు ఏ చెరువుకు వస్తుందో తెలిసిన సెక్యూరిటీ గార్డులు, తోటమాలులు, చుట్టుపక్కల పాత ఊళ్లవాళ్లు. అడవి పునరుద్ధరణకు వేసే కమిటీలో సగం కుర్చీలు వీళ్లకివ్వాలి. గార్డుకూ తోటమాలికీ ఆ పనికి కూలి కట్టివ్వాలి.

నల్లగండ్ల, గోపనపల్లి అపార్ట్‌మెంట్లవాళ్లకూ పనుంది. గోడవతల పారేసిన బిర్యానీ పొట్లం చుట్టూ కుక్కలు చేరతాయి, ఆ కుక్కలే జింక పిల్లను చీలుస్తాయి. చెత్త ఆపండి. అడవి వైపు ఫ్లడ్‌లైట్లు ఆర్పండి. వారాంతంలో వచ్చి, బయటి నుంచి వచ్చి అల్లుకుపోయే సుబాబుల్ మొలకలు పీకండి.

అడవి కాపలాను స్థానికుల చేతికివ్వమనడం కొత్త కోరికేం కాదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. 2012 అక్టోబరులో ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని హెచ్ఐసీసీ సమావేశ కేంద్రంలో ప్రపంచ దేశాలు జీవవైవిధ్య సదస్సుకు కూర్చున్నాయి. హైదరాబాద్ ప్రతిజ్ఞ పేరిట భారత్ ఐదు కోట్ల డాలర్లు ప్రకటించింది. ఈ నగరం పేరు మీద చేసిన ప్రతిజ్ఞకు ఈ నగరమే జవాబు చెప్పాలి.

ఆ 400 ఎకరాలను వేలం జాబితా నుంచి శాశ్వతంగా తీసేయండి. విద్యార్థులపై కేసుల్లో ఒక్కటి కూడా మిగలకుండా ఎత్తేయండి. అడవిని కాపాడినవాళ్లకే అడవిని అప్పగించండి. ఐటీ ఉద్యోగులారా, మీ ఆఫీసు కిటికీలోంచి కనిపించే ఆ పచ్చదనం మీది కూడా. ఈసారి జేసీబీ వస్తే విద్యార్థుల పక్కన మీరూ నిలబడండి.