ఫ్రీయే కదా!

"వదినా, మంగళవారం ఇంట్లో ఫ్రీయే కదా? మావాడి స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి నువ్వు వెళ్ళొచ్చేయవూ. నాకు ఆఫీసులో కుదరదు."

మా ఆడపడుచు ఫోన్. చెవికీ భుజానికీ మధ్య సెల్లు, గ్రైండర్లో మినప్పప్పు, పొయ్యి మీద మూడో విజిల్. నేను ఫ్రీనట!

ఈ ఒక్క మాటని మనం ఎన్నిటికి వాడేస్తామో చూడండి. రెండు చీరలు కొంటే ఒకటి ఫ్రీ. షుగర్ ఫ్రీ అంటే చక్కెర లేనిది. పెళ్ళిచూపుల్లో పిల్లని "ఫ్రీగా మాట్లాడమ్మా" అంటారు. మామయ్యగారికి పొద్దున్నే "ఫ్రీగా" అవకపోతే ఇల్లంతా హడావుడే! తెలుగులో ఖాళీ, తీరిక, ఉచితం, స్వేచ్ఛ అని వేరువేరు మాటలున్నాయి. అన్నిటినీ ఇదొక్కటే మింగేసింది.

మా అమ్మని పక్కింటి పిన్నిగారు "తీరికైందా?" అని అడిగేవారు. తీరిక అంటే పని తీరాక దొరికేది. ఆ మాటలోనే, ఇంతసేపూ పని చేశావన్న గుర్తింపుంది. "ఫ్రీయే కదా"లో అది లేదు. పనీ లేదు, ఖరీదూ లేదు అన్న రెండర్థాలూ కలిసిపోయాయి.

2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేసేవారు. ఫ్రీ బస్సెక్కితే కండక్టరు జీరో టికెట్టైనా ఇస్తాడు, దానికో లెక్కుంటుంది. మన ఐదు గంటలకి ఆ జీరో టికెట్టు కూడా లేదు.

ఇంకో తమాషా. ఇంగ్లీషు 'ఫ్రీ'కీ, సంస్కృతం 'ప్రియ'కీ మూలం ఒకటేనంటారు భాషాశాస్త్రవేత్తలు. మన దగ్గరేమో ప్రియం అంటే ఖరీదు కూడా. టమాటాలు ప్రియమైపోయాయి అంటాం కదా! ఆ లెక్కన నేను ఫ్రీనే, కాకపోతే కాస్త ప్రియం.

"మంగళవారం నాకు తీరిక లేదమ్మా" అన్నాను. ఓ క్షణం ఆగి, "సర్లే వదినా, హాఫ్ డే లీవు పెడతాలే" అంది నీరసంగా. ఫోన్ పెట్టేశాక గిల్టీగా అనిపించింది, నిజం చెప్తున్నాను. మేనల్లుడి మీద ప్రేమ లేక కాదు. "తీరికుందా వదినా?" అని అడిగుంటే వెళ్ళేదాన్నే.

రాత్రి అంట్లు తోముతుంటే తట్టింది. మంగళవారం వాళ్ళాయన ఫ్రీయా కాదా అని, మా ఇద్దరిలో ఒక్కళ్ళం కూడా అనుకోలేదు!