ఆకు రైతుది.. సారం లెక్క ఎవరిది?

శంషాబాద్: విమానాశ్రయ కార్గో విభాగం నుంచి ఔషధాలు శీతల వసతుల మధ్య విదేశాలకు తరలుతున్నాయి. నగరానికి వెళ్లే దారిలోనే, రాజేంద్రనగర్‌లో ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన ఔషధ, సుగంధ మొక్కల పరిశోధనా కేంద్రం ఉంది. ఇంత చేరువలో ఉన్నా, ఆకు పండించే రైతుకు తన పంటలోని మందు ఎంతో తెలుసుకునే వీలు కల్పించడంపై శ్రద్ధ చాలడం లేదు.

నేలవేమునే తీసుకుంటే, దాని చేదుకు ప్రధాన కారణమైన ఆండ్రోగ్రాఫోలైడ్‌ను 1911లోనే గోర్టర్ వేరుచేశారు. ఆరిన ఆకును పొడిచేసి మెథనాల్ వంటి ద్రావణిలో నానబెడతారు. వడపోసి ద్రావణిని ఆవిరి చేస్తే ముదురాకుపచ్చ జిగురు మిగులుతుంది. అందులో ఎన్నో పదార్థాలు కలగాపులగంగా ఉంటాయి. సిలికా జెల్ నింపిన గాజు గొట్టంలో దాన్ని వేసి, పైనుంచి ద్రావణులను జారవిడిస్తే ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో కిందకు దిగుతుంది. ఇదే క్రొమటోగ్రఫీ. విడివడిన పదార్థం అణుభారాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీ, నిర్మాణాన్ని ఎన్ఎంఆర్ పట్టి ఇస్తాయి. తార్నాకలోని ఐఐసీటీలో సహజ పదార్థాలపై ఇటువంటి పరిశోధనలు దశాబ్దాలుగా సాగుతున్నాయి.

శ్రమ అంతా వేరుచేయడంలోనే ఉంది. పెరటి బిళ్ళగన్నేరు నుంచి 1958లో కెనడా శాస్త్రవేత్తలు వెలికితీసిన కేన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ ఒక్క గ్రాము కావాలంటే 500 కిలోలకు పైగా ఎండుటాకు అవసరం.

జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. మొక్కను వాణిజ్యానికి వాడుకునే సంస్థ తన ప్రయోజనంలో కొంత స్థానికులకు పంచాలన్నది దాని ఆశయం. 2023 సవరణతో సాగుచేసిన ఔషధ మొక్కల విషయంలో దేశీయ సంస్థలకు ఆ బాధ్యత తొలగింది. రైతుకు దక్కవలసింది ఇక అమ్మకపు ధరలోనే దక్కాలి.

సారం తీసే పరిశ్రమకు కావలసింది ఆకు బరువు కాదు, అందులోని సారం శాతం. నేలవేములో పూత దశలో ఆకులో సారం ఎక్కువ, కాండంలో తక్కువ. కోత ఆలస్యమైనా, కాండం కలిపి తూచినా శాతం పడిపోతుంది. ఆ శాతం తేల్చే పరీక్ష కొనేవారి చేతిలోనే ఉంటే ధర చెప్పేదీ వారే. బేరంలో రైతు మాటకు ఆధారమేదీ ఉండదు.

భూసార పరీక్షకు మట్టి ఇచ్చి పత్రం తీసుకోవడం రైతులకు తెలిసిన పనే. గుప్పెడు ఆకు ఇస్తే శాతం రాసిచ్చే సేవ కూడా రాజేంద్రనగర్ కేంద్రం ద్వారా నేరుగా రైతుకు అందాలి. తొలి అంచనాకు పలుచని పొర క్రొమటోగ్రఫీ పలక సరిపోతుంది, కచ్చితమైన లెక్కకు హెచ్‌పీఎల్‌సీ యంత్రం కావాలి. రుసుము ఎంతన్నది, పత్రం ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్నది రాష్ట్ర ఔషధ మొక్కల మండలి వానాకాలం నాట్లకు ముందే ప్రకటించాలి. కోత కోసి, ఆకు గోనెసంచుల్లోకి ఎక్కిన తరువాత ఆ పత్రం చేతికొచ్చినా బేరానికి పనికిరాదు.