ప్రతిజ్ఞలు చాలు! రోజూ చేసే పని ఒకటి పట్టుకుందాం!

  

జనవరి ఒకటిన ఒకసారి, ఉగాదికి ఒకసారి, పుట్టినరోజుకు ఇంకోసారి మనమంతా గట్టిగా అనుకుంటాం. ఈ ఏడాది పది కిలోలు తగ్గాలి. సిగరెట్ మానాలి. అప్పు తీర్చాలి. ఉద్యోగం కొట్టాలి. ఇంగ్లీషు నేర్చుకోవాలి. మొదటి వారం జోరుగా సాగుతుంది. రెండో వారం దగ్గరి చుట్టాలింట్లో పెళ్ళి. మూడో వారం జ్వరం. నాలుగో వారానికి ఆ ఊసు ఎవరూ ఎత్తరు. మనసులో మాత్రం ఒక మాట నాటుకుపోతుంది: "నా వల్ల కాదు. నాకు పట్టుదల లేదు."

ఆ మాట అబద్ధం. అది చెప్పడానికే ఈ కరపత్రం మీ చేతిలో పెడుతున్నాం. పొద్దున్నే లేచి పిల్లలకు క్యారేజీలు కట్టే తల్లికి, పగలంతా ఆటో తోలి రాత్రికి ఇల్లు చేరే తండ్రికి పట్టుదల లేదని ఎవరంటారు? లేనిది ఏర్పాటు. ఏం కావాలో అనుకున్నాం గానీ ఏ పూట, ఎక్కడ, ఎవరితో, ఎంత చేయాలో అనుకోలేదు. అక్కడే దెబ్బ తింటున్నాం.

మన ఆడవాళ్ళు చూపిన దారి

ఆంధ్రులు ఆరంభశూరులని మన మీద పాత నింద ఒకటుంది. దానికి గట్టి జవాబు చెప్పింది మన ఊళ్ళ ఆడవాళ్ళే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు సారా దుకాణానికి ఎదురు తిరిగారు. ఆ పోరు ఊరు దాటి, జిల్లా దాటి, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. గెలిచాక కూడా వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రోజుకు ఒక్క రూపాయి దాచడం మొదలుపెట్టారు. పొదుపులక్ష్మి అని పేరు పెట్టుకున్నారు.

రోజుకు రూపాయి, నెలకు ముప్పై. పదిహేను మంది కలిస్తే నెలకు 450, ఏడాదికి 5,400. కూలికి పోయే మనిషి "నేను వేలకు వేలు కూడబెడతాను" అని ప్రతిజ్ఞ చేస్తే నవ్వి ఊరుకునేవాళ్ళు. ఈ రోజు రూపాయి వేయడం మాత్రం ఆమె చేతిలో పని. వేసింది. రేపూ వేసింది.

ఇలాంటి పొదుపు సంఘం కూర్చున్నప్పుడు మీరు ఎప్పుడైనా చూశారా? చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. ముందు హాజరు. పేరు పిలవగానే ఒక్కొక్కరు కొంగు ముడి విప్పి పొదుపు డబ్బులు మధ్యలో పెడతారు. రాయడం వచ్చిన పిల్ల పుస్తకంలో పేరుకు ఎదురుగా అంకె వేసి, పైకి చదివి వినిపిస్తుంది. సంతకం వచ్చినవాళ్ళు సంతకం చేస్తారు, రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు. ఎవరైనా రాకపోతే "ఏమైందో చూసి రా" అని ఒకరు వాళ్ళింటికి పోతారు. అప్పు కావలసినవాళ్ళు అప్పుడే అడుగుతారు. ఎవరి అవసరం ముందో అందరూ కలిసి తేలుస్తారు. మళ్ళీ ఎప్పుడు కూర్చోవాలో అనుకుని లేస్తారు.

ఇందులో గొప్ప గొప్ప మాటలు లేవు. వేళ ఉంది, చోటు ఉంది, చిన్న మొత్తం ఉంది, పక్కన మనుషులున్నారు, పుస్తకం ఉంది. అదే 1992లో వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు దేశం మొత్తం మీద 500 సంఘాలతో బ్యాంకు అప్పుల పథకం మొదలుపెట్టింది. పొలం కాగితాలు, బంగారం తాకట్టు పెట్టలేని ఆడవాళ్ళను నమ్మి అప్పు ఇవ్వాలంటే బ్యాంకు చూసేది ఏమిటి? సమావేశాలు జరుగుతున్నాయా, పొదుపు క్రమంగా కడుతున్నారా, పుస్తకం సరిగ్గా రాస్తున్నారా అని. ఆశయం ఎంత పెద్దదని ఎవరూ అడగలేదు.

ఆ అయిదు సూత్రాలే మనకూ

సంఘాల్లో ఉన్న ప్రతి అక్కకూ పంచసూత్రాలు నోటికి వచ్చు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యులకే అప్పు, సమయానికి తిరిగి చెల్లింపు, సరైన పుస్తక నిర్వహణ. డబ్బు విషయంలో ఇన్నేళ్ళు నిలబడ్డ ఈ పద్ధతిని నడకకు, చదువుకు, మాత్రలకు, వ్యసనం మానడానికి కూడా వాడుకుందాం.

ఒకటి: వేళ, చోటు ముందే తేల్చుకోండి. "వీలున్నప్పుడు నడుస్తా" అంటే వీలు ఎప్పటికీ రాదు. రోజూ ఎలాగూ చేసే పని ఒకటి చూసుకుని దానికి దీన్ని ముడిపెట్టండి. పాల ప్యాకెట్ తెచ్చి ఇంట్లో పెట్టగానే నడక. రాత్రి అన్నం తిని కంచం కడగగానే పది పేజీలు. టిఫిన్ చేయగానే బీపీ మాత్ర.

రెండు: మొత్తం చిన్నదిగా పెట్టుకోండి. ఒళ్ళు బాగాలేని రోజు కూడా చేయగలిగేంత చిన్నది. రోజుకు పది పేజీలు చదివితే ఏడాదికి 3,650 పేజీలు. మూడు వందల పేజీల పుస్తకాలు పన్నెండు పూర్తవుతాయి. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కాస్త వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు చురుగ్గా నడిస్తే చాలు. ఆ అరగంట కష్టమైతే పది నిమిషాలతో మొదలుపెట్టండి.

మూడు: ఒకరికొకరు అప్పివ్వండి. ఇక్కడ ఇచ్చేది డబ్బు కాదు, సాయం. లెక్కలు వచ్చిన పిల్లాడు రానివాడికి చెప్పాలి. సిగరెట్ మానిన మనిషి మానాలనుకునే మనిషి పక్కన సాయంత్రం కూర్చోవాలి. ఒంటరిగా నడవడానికి జంకే ఆడపిల్లకు ఇద్దరు తోడు రావాలి.

నాలుగు: బాకీ పడితే మర్నాడే తీర్చండి. కొత్త అలవాట్లు ఎలా కుదురుతాయో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ప్రకటించారు. ఒక పని ఆలోచించకుండానే చేసేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక్క రోజు తప్పితే కొంప మునగదని కూడా అందులోనే తేలింది. కాబట్టి పెళ్ళి వచ్చి ఒక రోజు పోతే పోనీయండి. రెండో రోజు మాత్రం పోనీయకండి.

అయిదు: పుస్తకం రాయండి. చేసిన రోజు టిక్కు, చేయని రోజు సున్నా. అబద్ధపు టిక్కు వద్దు. వారానికోసారి జట్టులో అందరి ముందూ చదవండి. సున్నాలు ఎక్కువైతే మనిషిని తిట్టకండి, ఏర్పాటు మార్చండి. వేళ కుదరలేదా? మొత్తం ఎక్కువైందా? తోడు దొరకలేదా?

షుగర్ ఉన్నవాళ్ళకు ఒక మాట

షుగర్ పరీక్షకు వారం ముందు నుంచి స్వీట్లు మానేసి, రిపోర్టు రాగానే మళ్ళీ మొదలుపెట్టే ఇళ్ళు మన వీధిలో ఎన్నో ఉన్నాయి. డాక్టరు రాసే హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల్లో రక్తంలో ఉన్న చక్కెర సగటును చూపిస్తుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్ళూ రక్తంలో తిరిగిన చక్కెర దాన్ని పట్టుకుని ఉంటుంది. వారం రోజుల ఉపవాసంతో ఆ సగటును సరిచేయలేం. ఏడు దాటిన అంకెను చూసి బెంగపడేకన్నా, రోజూ రాత్రి భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడవండి, మాత్ర వేళకు వేసుకోండి. వచ్చే పరీక్షలో ఆ రోజులన్నీ కలిసి మాట్లాడతాయి.

పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

2022 అక్టోబరులో తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసినవాళ్ళను అడగండి. పేపర్ లీకు బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టారు, అదీ రద్దయింది. 2024లో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఏళ్ళ తరబడి హాస్టల్ గదుల్లో కూర్చుని చదివిన పిల్లల తప్పు ఇందులో ఏమీ లేదు. పరీక్షలు సక్రమంగా జరపాలని అడగడం మన హక్కు, అడుగుదాం. కానీ బతుకంతా ఒక్క ఫలితానికే తాకట్టు పెడితే, ఎవరో చేసిన తప్పుకు మన రోజులన్నీ వృథా అయినట్టు కనిపిస్తాయి.

ర్యాంకు మీ చేతిలో లేదు. పొద్దున రెండు గంటల చదువు మీ చేతిలో ఉంది. రోజుకు ఒక పేజీ సొంతంగా రాయడం, వారానికోసారి పాత ప్రశ్నపత్రం చేయడం, సాయంత్రం గంటసేపు ఆడటం, వేళకు నిద్రపోవడం మీ చేతిలో ఉన్నాయి. నోటిఫికేషన్ వచ్చినా రాకపోయినా అలా నేర్చిన చదువును ఎవరూ రద్దు చేయలేరు.

మీరు అడగబోయే ప్రశ్నలు

"లక్ష్యం లేకపోతే ఎటు పోతాం?" లక్ష్యం ఉండాలి. ఎటు పోవాలో ఒక్కసారి కూర్చుని తేల్చుకోండి. తేల్చుకున్నాక రోజూ దాన్నే తలుచుకుని కుమిలిపోవద్దు. ఈ రోజు పని అయిందా లేదా అని మాత్రం చూసుకోండి. పది కిలోలు తగ్గాలన్న మనిషి తగ్గిన మర్నాడు నడక మానేస్తాడు. రోజూ నడిచే మనిషికి మానే రోజంటూ రాదు.

"మాకు తీరిక ఎక్కడిది?" ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది ఆడవాళ్ళు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఇంట్లో మగవాళ్ళకు సూటిగా చెబుతున్నాం. ఆమెకు అరగంట దొరకాలంటే ఆ అరగంట పొయ్యి దగ్గర మీరు నిలబడాలి. పిల్లలకు జడలు మీరు వేయాలి. ఒకరి అలవాటు కుదరాలంటే ఇల్లంతా సర్దుకోవాలి.

"మా పిల్లాడు ఫోను వదలడు." తిట్టినా లాక్కున్నా లాభం లేదు. ఛార్జింగ్ పెట్టే చోటు వంటింట్లోకి మార్చండి. రాత్రి తొమ్మిది దాటితే ఇంట్లో అందరి ఫోన్లూ అక్కడే ఉండాలి, తల్లిదండ్రులవి కూడా. వాడి మంచం పక్కన పుస్తకం పెట్టండి.

ఇప్పుడు ఏం చేద్దాం?

ఈ ఆదివారం పొద్దున 6 గంటలకు మన వీధి చివర వేపచెట్టు కిందికి రండి. ప్రసంగాలు ఉండవు, చందాలు ఉండవు, దండలు ఉండవు. ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి.

అయిదుగురు అయిదుగురు చొప్పున జట్లు కడదాం. ఒక్కొక్కరు ఒక్కటంటే ఒక్కటే పని ఎంచుకోవాలి. దాని వేళ, చోటు, మొత్తం మొదటి పేజీలో రాసుకోవాలి. కింద జట్టువాళ్ళు నలుగురూ సంతకం చేయాలి. పుస్తకం రాయడం రానివాళ్ళకు పక్కవాళ్ళు రాసిపెడతారు. ప్రతి ఆదివారం అదే వేళకు, అదే చోట పుస్తకాలు చదువుకుందాం. పొదుపు సంఘాల్లో ఏళ్ళుగా ఉన్న అక్కలు, పెద్దమ్మలు ముందు వరసలో కూర్చోవాలని మా మనవి. ఈ విద్యలో గురువులు మీరే.

మూడు నెలలు ఇలా నడుపుదాం. ఎన్ని కిలోలు తగ్గారని గానీ, ఎన్ని మార్కులు వచ్చాయని గానీ ఎవరూ ఎవరినీ అడగకూడదు. ఎన్ని టిక్కులు పడ్డాయన్నదే లెక్క.

మా కార్యకర్తలు ఈ వారం ఇంటింటికీ వస్తారు. వాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, మీ పేరు ఇవ్వండి.

పెద్ద మాటలు వద్దు – చిన్న పని ముద్దు!
ఒక్క రోజు తప్పినా – రెండో రోజు తప్పం!
ఒంటరిగా ఓడాం – జట్టుగా నిలబడదాం!
ఆదివారం పొద్దున్నే రండి – పుస్తకం చేతపట్టి రండి!

ఇట్లు,
మీ వీధి వాళ్ళు

(చదివాక పారేయకండి. పక్కింటివాళ్ళకు ఇవ్వండి. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి.)