చావు మంచం దగ్గర రిజిస్టరు

మా వాడల్లో తల్లి మంచం పట్టిందంటే మాకు రెండు భయాలు. అమ్మ రక్షణ లేకుండా పోతుందేమోనని ఒకటి. అయ్యగారు వచ్చి బాప్తిస్మం ఇచ్చి రిజిస్టర్లో పేరు రాస్తే, రేపు ఎవడో దాన్నే సాక్ష్యంగా పెట్టి కొడుకు ఎస్సీ సర్టిఫికెట్టు మీద అర్జీ పెడతాడేమోనని రెండోది. తల్లి పరలోకానికీ, పిల్లల కూటికీ మధ్య మమ్మల్ని నిలబెట్టిందెవరు?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, అందులోని మూడో పేరా! హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవ దళితులకు, ముస్లిం దళితులకు తియ్యలేదు. మాకు బీసీ-సీ అని ఒక్క శాతం పడేశారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా ఎత్తెయ్యమంది. ఎత్తేశారా? 2022లో ఇంకో కమిషన్ వేశారు!

దేవుణ్ణి మార్చుకుంటే అంటరానితనం పోయిందా? చచ్చాక కూడా ఊరి శ్మశానం వేరు, మా బొందలగడ్డ వేరు.

అయ్యగార్లకూ ఓ మాట. ఊపిరాడని మనిషిని నరకమని బెదిరించడం ప్రేమ కాదు. బాప్తిస్మం లేదని సమాధుల తోటలో ఆరడుగుల నేల లేదనకండి. సిలువ మీద పక్కనున్న దొంగను యేసు ఏ రిజిస్టరు అడిగాడు?

నాట్లేస్తూ, కలుపు తీస్తూ మా అమ్మలు నమ్మిన దేవుణ్ణి చావు గడియలో దాచుకోవాలా? వద్దు. వాళ్లు ఆ పేరు పైకి చెప్పుకొనే కన్నుమూయాలి. మూడో పేరా రద్దు కావాలి!