రోటరీ ఇంజను విమానాలలో శీతలీకరణ

ఔత్సాహికులు స్వయముగా నిర్మించుకొనే చిన్న విమానాలలో కొన్నింటికి, ముఖ్యముగా అమెరికాలో, మాజ్దా కార్లలోని 13బి రోటరీ ఇంజను అమర్చబడినది. మొదటి ప్రపంచయుద్ధ కాలములో సిలిండర్లతో సహా తిరిగి గాలితోనే చల్లబడిన రోటరీ ఇంజనులు వేరు. ఇది నీటితో చల్లబడే వాంకెల్ ఇంజను. పిస్టన్లు, వాల్వులు లేని ఈ యంత్రము తేలికైనది. చిక్కంతా వేడితోనే.

ఇందులో దహనము ఎల్లప్పుడూ హౌసింగుకు ఒకే వైపున జరుగుతుంది. చల్లని ఇంధన మిశ్రమము ఆ వైపుకు రాదు. రోటరును లోపలినుండి చల్లబరచేది నూనె కనుక, శీతలీకరణ వ్యవస్థ తొలగించవలసిన వేడిలో సుమారు మూడవ వంతు నూనె ద్వారానే పోవాలి. కారు ఆయిల్ కూలరు దీనికి చాలకపోవచ్చు. వేడి మితిమీరితే అల్యూమినియం హౌసింగు, ఇనుప పలకలు వేర్వేరుగా వ్యాకోచించి, మధ్యనున్న సీళ్ళు దెబ్బతిని నీరు కారుతుంది.

కారు పూర్తి శక్తిని కొద్ది క్షణాలే వాడుతుంది. విమానము పైకెక్కునప్పుడు నిమిషాల తరబడి వాడుతుంది, అదీ వేగము తగ్గి గాలి సరిగా అందని వేళ. పెద్ద రేడియేటరు పెట్టుట సులభమైన ఆలోచనే. గాలి నాళము సరిగా లేకుంటే అది అదనపు బరువు మాత్రమే. నాళము క్రమముగా వెడల్పైతే గాలి నెమ్మదించి, పీడనము పెరిగి, రేడియేటరు అంతటా సమముగా ప్రవహిస్తుంది. గాలి బయటకు పోయే దారి కూడా అంతే ముఖ్యము.

ఆర్‌ఎక్స్-8 కారు ఉత్పత్తి 2012లో ఆగింది. 2023లో ఎంఎక్స్-30తో మాజ్దా తెచ్చిన కొత్త రోటరీ ఇంజను ఒకే రోటరుతో విద్యుత్తును ఉత్పత్తి చేసేది. అందువలన ఈ నిర్మాతలు నేడు ఎక్కువగా పాత ఇంజనుల మీదనే ఆధారపడవలసి వస్తున్నది.